నాలుగో చుట్టు

మా నాన్నకి చెవులు తగ్గేకొద్దీ గొంతు పెరిగింది. బర్మాలో, రంగం ఊళ్ళోని సంచౌంగ్‌లో మేముండేది నాలుగో అంతస్తులో. కూరలో ఉప్పు తక్కువైందని ఆయన నాతో అంటే, కింద వీధిలో మొహింగా, అదే చేపల పులుసు సేమ్యా, అమ్మే ఆవిడకి ముందు తెలుస్తుంది. నేను పనికి దిగి వెళ్తుంటే "ఇవాళైనా ఉప్పు సరిపోయిందా?" అని అడిగి మరీ పంపిస్తుంది. నాది పబేడాన్‌లో ఒక మందుల దుకాణంలో ఉద్యోగం. రోజంతా దగ్గులూ బేరాలూ విని, ఇంటికొచ్చి మళ్ళీ గొంతు చించుకోవాలి. నాకు ఓపిక తక్కువ. ఆ మాట నేనే ముందు చెప్పేస్తే ఇంకొకరు చెప్పే శ్రమ తప్పుతుంది.

నాన్న అరుపుల్లో సగం ఉప్పు గురించీ కరెంటు గురించీ ఉంటాయి. మిగతా సగం ఒకే ఒక్క తగువు గురించి.

"ఆడు రెండు సుట్లకే ఆపేసినాడు. మూడు కొట్టాలని ముందే అనుకున్నాం. రెండుకే ఆపేసి అంతమందిలో నన్ను ఎర్రోడ్ని సేసినాడు."

ఆ 'ఆడు' లత అనే పేటలో కాగితాల దుకాణం నడిపే చీనా ఆయన. ఒకప్పుడు మా నాన్నకి ప్రాణస్నేహితుడు. వాళ్ళిద్దరూ మాట్లాడుకుని యాభై ఏళ్ళు దాటింది. మా ఇంటి నుంచి లతకి ఒక్క బస్సు ఎక్కితే చాలు. ఆ ఒక్క బస్సూ మా నాన్న ఇన్నేళ్ళలో ఎక్కలేదు. లత మీదుగా వెళ్ళాల్సి వస్తే ఇంకో దారిన చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. పక్కన మేముంటే మేమూ ఆయనతో తిరిగేవాళ్ళం.

ఆ తగువు అర్థం కావాలంటే వాళ్ళ బృందం సంగతి చెప్పాలి. చెప్పడానికి ఇప్పుడు మా నాన్నా, ఆ కాగితాల ఆయనా తప్ప ఎవరూ మిగల్లేదు. ఒక ఫోటో లేదు. ఏ పుస్తకంలోనూ వాళ్ళ ఊసు లేదు. మా గుడి దగ్గర పెళ్ళి భోజనాల్లో నాన్న ఆ కబుర్లు ఎత్తుకుంటే కుర్రాళ్ళు మర్యాదగా తల ఊపి, ఫోన్లలోకి తల దూర్చేస్తారు.

మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి రంగం వచ్చి ఓడరేవులో మూటలు మోశాడు. తాతా అదే పని చేశాడు. నాన్న నాలుగు అక్షరాలు నేర్చుకుని అదే రేవులో సరుకు లెక్క రాసుకునే గుమాస్తా అయ్యాడు. ఓడల్లో వచ్చే నావికుల దగ్గర గ్రామఫోను రికార్డులుండేవి. ఊళ్ళో ఎక్కడా దొరకని పాటలు. గిటారు శబ్దాన్ని సాగదీసి, మెలిపెట్టి, చివరికి అది గిటారో పిల్లి ఏడుపో తెలియకుండా చేసే పాటలు. నాన్నా, రేవులోనే పనిచేసే ఇంకో తెలుగు కుర్రాడూ ఆ రికార్డులు ఒక్కరోజుకి అడిగి తెచ్చుకుని, లతలో వాళ్ళ చీనా స్నేహితుడి ఇంటి మేడ మీద వినేవారు. యూనివర్సిటీలో చదివే బర్మా కుర్రాడొకడు వాళ్ళతో కలిశాడు. అతనికి మంచి గొంతు ఉండేది, గిటారు కూడా ఉండేది. అలా నలుగురయ్యారు. ఎలక్ట్రిక్ గిటార్లు పట్టుకుని పాడే పాటలన్నిటినీ అప్పుడు ఇక్కడ 'స్టీరియో' అనేవారు. మా నాన్న స్టీరియోలో డ్రమ్ములు కొట్టేవాడు. చీనా ఆయన ఆర్గన్ వాయించేవాడు. రేవు కుర్రాడు లావు తీగల గిటారు పట్టుకునేవాడు.

వాళ్ళ స్పీకరు మూతబడ్డ సినిమా హాలు నుంచి పీక్కొచ్చింది. ఆర్గన్ ఎవరి చర్చిలోంచి వచ్చిందో నాన్న ఇప్పటికీ చెప్పడు. ఇంక రంగు దీపాలు. రికార్డు అట్టల మీద ఆ రంగులన్నీ కరిగి కారుతున్నట్టు ఉండేవట. తమ మండపం కూడా అలాగే ఉండాలని వీళ్ళకి పంతం. చీనా ఆయన వాళ్ళ దుకాణంలో లాంతర్లకి అంటించే రంగు గాజు కాగితాలు ఉండేవి కదా, అవి తెచ్చి బల్బుల ముందు పెట్టి చేత్తో తిప్పేవారు. ఒకసారి కాగితం అంటుకుని ఆర్గన్ మూత కాలింది. ఆ మచ్చని చూపించి, అది కూడా అలంకారమే అని చెప్పుకునేవారట.

జుట్టు భుజాల దాకా పెంచారు. మా నాయనమ్మ నిద్రపోతున్న కొడుకు జుట్టు కత్తిరించేసింది, అదీ ఒక పక్కే. నాన్న రెండో పక్క కత్తిరించుకోకుండా అలాగే రేవుకెళ్ళి అదే కొత్త తరహా అన్నాడు. ఇంకొకడు కూడా అలాగే కత్తిరించుకొచ్చాడట. ఇది మాత్రం నాకు నమ్మబుద్ధి కాదు.

నావికుల పాటలకి బర్మా మాటలు కట్టి పాడడం అందరూ చేసేదే. వీళ్ళు సొంతంగా ఒకటి కట్టారు. వాన వాసన చూద్దామని చెట్టెక్కిన చేప పాట. మా అమ్మ ఆ పాట సంగతి వచ్చినప్పుడల్లా "ఆ చేపకి జ్వరం" అనేది. పాట అయోమయంగా ఉన్నా దాని ముగింపు మాత్రం గట్టి లెక్కతో కట్టారు. చివర గొంతు ఆగిపోతుంది. వాయిద్యాలన్నీ కలిసి ఒకే వరసని మూడు చుట్లు వాయిస్తాయి, చుట్టుచుట్టుకీ జోరు పెంచుతూ. మూడో చుట్టు చివరి దెబ్బకి నలుగురూ ఒక్కసారి ఆగాలి. ఆ క్షణంలోనే దీపాలన్నీ ఆర్పెయ్యాలి. చీకటీ నిశ్శబ్దమూ ఒకేసారి పడాలన్నమాట.

మా నాన్నకి డ్రమ్ములు ఎవరూ నేర్పలేదు. ఆయనకొచ్చింది డప్పు. ఇక్కడి మా వాళ్ళు అమ్మవారి పండగ ఎప్పుడూ మానలేదు. ఘటం నెత్తిన పెట్టుకున్న మనిషి ముందు మా తాత డప్పు కొట్టేవాడు, తర్వాత నాన్న. అందులో ఒక కట్టుబాటుంది. ఘటం దించేదాకా డప్పు ఆగకూడదు. వరస అయిపోయినా సరే, ఘటం ఇంకా నెత్తిన ఉంటే ఇంకో చుట్టు కొట్టాలి. నాన్న చేతులకి చిన్నప్పుడే అబ్బిన పాఠం అది. ఆ డప్పు వరసే చేప పాట చివర పెట్టాడు. గుడి పెద్దలకి ఇది తెలిసి పిలిచి చీవాట్లు పెట్టారు. అమ్మోరి దెబ్బని పిచ్చిపాటలకి వాడతావా అన్నారు. వాడాడు.

ఇక ఆ రోజు. తింజాన్, అంటే ఇక్కడి కొత్త సంవత్సరం ముందు వచ్చే నీళ్ళ పండగ. వీధి వీధికీ మండపాలు కట్టి, వచ్చేపోయే వాళ్ళ మీద నీళ్ళు కొడుతూ, పైన పాటలు పెడతారు. ఆ ఏడాది మా వాళ్ళకి ఒక మంచి మండపం దొరికింది. సాయంత్రం వెలుగు తగ్గే వేళకి వాళ్ళ వంతు వచ్చింది. మొదటి వరసలో మా అమ్మ నిలబడి ఉంది. అప్పటికింకా మా అమ్మ కాదు. వాళ్ళ నాన్న తెలుగువాడు, వాళ్ళమ్మ బర్మా మనిషి. ఇంట్లో బర్మా మాటలే, పూజ బుద్ధుడికే. సంబంధం అనుకున్నారు. జుట్టూ వాలకమూ చూసి పిల్లవాడు నిలకడ మనిషేనా అని అనుమానం వచ్చి, అతని పని చూద్దామని మనిషికో గొడుగు పట్టుకుని తల్లీ తండ్రీ కూతురూ వచ్చారు. పెళ్ళిచూపులు పాటలకి ముందు జరగాలో తర్వాత జరగాలో ఎవరికీ తెలియక, పాటల మధ్యలోనే జరిగాయి.

చేప పాట చివర మిగతా ముగ్గురూ ఆగిపోయారు. దీపాలు ఆరిపోయాయి. డ్రమ్ములు ఆగలేదు. చీకట్లో నాన్న ఒక్కడే ఇంకో చుట్టు కొట్టాడు. జనం గొల్లున నవ్వారు. దీపాలు వెలిగాక చీనా ఆయన మైకు దగ్గరికొచ్చి, "మన్నించండి, తొందరపడి ముందే ఆపేశాను, తప్పు నాది" అన్నాడు. మిగతా ఇద్దరూ తననే చూస్తూ ఉంటారని, అందుకే తనతోపాటు ఆగారని కూడా చెప్పాడు. జనం చప్పట్లు కొట్టి, అతని మీద నాలుగు బకెట్ల నీళ్ళు కుమ్మరించారు.

నాన్న మండపం దిగగానే అతన్ని పట్టుకున్నాడు. నోటికొచ్చినట్టు తిట్టాడు. అత్తారి ముందు పరువు తీశావన్నాడు, కావాలని చేశావన్నాడు. అతని వంశాన్నీ, దుకాణాన్నీ కూడా వదల్లేదు. అతను ఒక్క మాట తిరిగి అనలేదు. తడిబట్టలతో ఆర్గన్ ఎత్తించుకుని వెళ్ళిపోయాడు. బృందం ఆ సాయంత్రంతో సరి. వర్షాకాలం అయ్యాక అమ్మకీ నాన్నకీ పెళ్ళయింది. పెళ్ళికి అతన్ని పిలవలేదు.

తర్వాత వచ్చిన బృందాలు క్యాసెట్లు చేశాయి, పేరు తెచ్చుకున్నాయి. వీళ్ళని అందరూ మరిచిపోయారు. వీళ్ళదీ ఒక్క క్యాసెట్ మాత్రం తయారైంది. లావు తీగల గిటారు బాబాయి ఆ రోజు ఒక ఓడ వంటవాడి దగ్గర టేప్ రికార్డరు తెచ్చి, నీళ్ళు పడకుండా మండపం కింద దాచిపెట్టి రికార్డు చేశాడు. ఆ క్యాసెట్‌ని నాన్నకి పెళ్ళి కానుకగా ఇచ్చాడు. నాన్న దాన్ని వినలేదు. ఇంట్లో వినడానికి యంత్రం లేదు, ఉన్నా వినే కోపం కాదది. క్యాసెట్ బీరువాలో పడి ఉండిపోయింది.

నాకు ఐదారేళ్ళప్పుడు జ్వరం వచ్చి పోకుండా పట్టుకుంది. డాక్టర్లు మారారు, మందులు మారాయి. అమ్మ పొంజీలని, అంటే బౌద్ధ సన్యాసులని, ఇంటికి పిలిపించి రక్ష కోసం పరిత్త సూత్రాలు చదివించింది. వాళ్ళు రోజూ రాలేరు కదా, అందుకని చదివేదంతా రికార్డు చేసి నా తల దగ్గర వినిపించాలనుకుంది. మామయ్య యంత్రం తెచ్చిపెట్టాడు. కొత్త క్యాసెట్ ఎక్కడా దొరకలేదు. అప్పట్లో ఏ వస్తువైనా అంతే. బీరువాలో ఒకటుంది. అమ్మ దాని మీదే రికార్డు చేసింది. నా జ్వరం తగ్గింది. నాన్న రేవు నుంచి వచ్చి సంగతి తెలుసుకుని ఏమీ అనలేదట. పిల్ల లేచి కూర్చుంది, ఇంకేం అంటాడు.

ఆ క్యాసెట్ మా ఇంట్లో దేవుడి సామాను అయిపోయింది. మామయ్య యంత్రం కూడా వెనక్కి వెళ్ళలేదు. ఎన్ని రకాల యంత్రాలు వచ్చినా పొద్దున్నే బుద్ధుడి అలమారా దగ్గర అదే మోగేది. దానికో పద్ధతి ఉంది. సూత్రాలు మధ్యలో ఆపకూడదు. చివర పొంజీలు 'సాదు, సాదు, సాదు' అంటారు, ఇంట్లో ఉన్నవాళ్ళూ అంటారు. మూడో సాదు కాగానే ఆపేసి టేపు వెనక్కి తిప్పి పెట్టాలి. మూడో సాదు పూర్తయ్యే వేళకి అమ్మ వేలు ఎప్పుడూ మీట మీదే ఉండేది. అమ్మ పోయాక ఆ పని నాకొచ్చింది. నేనూ అలాగే చేశాను.

గిటారు బాబాయి రెండేళ్ళ కిందట మంచాన పడ్డాడు. చూడ్డానికి వెళ్తే నాన్న చెయ్యి పట్టుకుని, "ఒరే, కోప్పడకు. ఆ దినం నువ్వే ఎక్కువ కొట్టినావురా. నాను మూడు లెక్కెట్టుకునే ఆపినాను" అన్నాడు. ఆ మాట నేను అక్కడే ఉండి విన్నాను. నాన్న అతనితో వాదించలేదు. ఇంటికొచ్చాక మాత్రం పూనకం వచ్చినట్టు వాదించాడు, నాతో.

"మందులు మింగి మతిపోయి ఏటో అన్నాడు. ఆ చీనోడు మైకులో ఒప్పుకోనేదా? తప్పు సెయ్యనోడు అంతమందిలో ఎందుకు ఒప్పుకుంతాడు?"

"మరి ఇంక గొడవేముంది నాన్నా? ఆయనే ఒప్పుకున్నాడుగా."

"అదే నాను సెప్తన్నాది."

చెబుతున్నాడు గానీ నిద్ర పోవడంలేదు. బాబాయి పోయాక ఆయనకి మనసు మరీ కుదురు తప్పింది. ఎక్కువ కొట్టింది తనే అయితే, ఒక మనిషిని యాభై ఏళ్ళు ఊరికే దోషిని చేశాడన్నమాట. ఒకరోజు భోజనం మధ్యలో ఉన్నట్టుండి, ఈసారి మామూలు గొంతుతో అన్నాడు.

"ఆ సివర ఒక్కపాలి ఇంటే తెలిసిపోద్ది. రెండో మూడో నా సెవులతో ఇనాల. ఇవి పూర్తిగా పోకముందే, ఆడు పోకముందే."

కాని టేపు మీద సూత్రాలున్నాయి. సూత్రాల కింద పాట ఉండదు, అది అందరికీ తెలుసు. పాత క్యాసెట్లు అమ్మే దుకాణాలన్నిట్లో అడిగాను. ఆ బృందం పేరు చెబితే ఒకాయన నా మొహంలోకి చూసి, అలాంటిదేదీ లేదమ్మా అని తేల్చేశాడు. నాన్న కుడి చెవి ఆ ఏడాదే పూర్తిగా పోయింది. ఎడమ చెవిలో అరిస్తే కొంచెం.

కరెంటు కోత వల్ల నాకు మేలు జరిగిందని ఈ ఊళ్ళో ఎవరితోనైనా అంటే తన్నేలా ఉంటారు. అయినా జరిగింది. ఒక సెలవు పొద్దున్న టేపు పెట్టాను. సూత్రాలు సగంలో ఉండగా కరెంటు పోయింది. ఇలాంటప్పుడు మేం ఆపలేదు కాబట్టి మాకు దోషం లేదని అమ్మ అనేది. పాత యంత్రం కదా, నొక్కిన మీట నొక్కినట్టే ఉంటుంది. నేను బజారుకెళ్ళి కూరగాయలు తెచ్చుకుని వంటింట్లో వంకాయలు తరుగుతున్నాను. కరెంటు వచ్చింది. ముందు గదిలో సూత్రాలు ఆగిన చోటు నుంచి మళ్ళీ మొదలయ్యాయి. సాదు వచ్చింది, చేతిలో కత్తితోనే నేనూ అన్నాను. మూడో సాదు అయింది. చెయ్యి కడుక్కుని వెళ్ళి ఆపుదాంలే అనుకున్నాను.

టక్కున ఒక శబ్దం వచ్చింది. తర్వాత ఆర్గనూ, గిటార్లూ, వాటి అడుగున డప్పు వరస. అమ్మవారి డప్పు వరస నాకు తెలియకపోవడమేమిటి. కత్తి కింద పడేసి పరిగెత్తాను. నాన్న యంత్రానికి మూరెడు దూరంలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ఆయన పాట ఆయన పక్కనే మోగుతోంది. ఆయన పేజీ తిప్పాడు.

నేను ఆపలేదు. ఆపాలన్న ధ్యాస కూడా లేదు. అన్నీ కలిసి ఒక్కసారి ఆగాయి. డ్రమ్ములు ఆగలేదు. జోరుగా, ఏ అనుమానమూ లేకుండా ఒక చుట్టు కొట్టి అప్పుడు ఆగాయి. జనం నవ్వు. ఆ తర్వాత ఒక కుర్రాడి గొంతు, చాలా నెమ్మదిగా, బర్మా మాటల్లో: మన్నించండి, తొందరపడి ముందే ఆపేశాను, తప్పు నాది. టేపు అయిపోయి మీట పైకి తన్నుకుంది. సూత్రాలు టేపు చివరిదాకా రాలేదు, అంతే. ఆ మిగిలిన కొసలో పాట కొస అలాగే ఉండిపోయింది.

అమ్మ క్యాసెట్ ఖాళీదో కాదో వేసి చూడకుండా రికార్డు చేసే మనిషి కాదు. పాట బయటికి రాకుండా మీట మీద కాచుకున్న ఆవిడ వేలు గుర్తొచ్చింది. ఆ సంగతి అంతకన్నా తవ్వదలచుకోలేదు.

వెనక్కి తిప్పి ఇంకోసారి విన్నాను. ఈసారి వేళ్ళ మీద లెక్కపెట్టాను. అందరూ కలిసి వాయించింది మూడు చుట్లు. ఆయన ఒక్కడూ కొట్టింది నాలుగోది.

చెప్పకుండా ఉండొచ్చు. రెండే నాన్నా అనేస్తే ఆయనకి నిద్ర పడుతుంది. నాకూ ప్రశాంతంగా ఉంటుంది. ఒక క్షణం అలాగే అందామనుకున్నాను కూడా. కాని అది ఆయన పాట, ఆయన దెబ్బ. నా చెవి మీద ఆయన ఆధారపడక్కర్లేదనిపించింది. పేపరు లాగేసి ఎడమ చెవిలో అరిచాను.

"నీ పాట దొరికింది."

"ఏటి?"

"చేప పాట. చివర."

ఆయన ఎడమ చెవిని స్పీకరుకి ఆనించాడు. నేను టేపు వేశాను. తల అడ్డంగా ఊపాడు. "గుయ్యిమంతంది. ఇంకేటీ నేదు." చెవి మార్చి ఆనించాడు, మళ్ళీ అదే. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను ఆయన అరచెయ్యి పట్టుకుని స్పీకరు జాలీ మీద గట్టిగా అదిమిపెట్టి, శబ్దం పూర్తిగా పెంచి, మళ్ళీ వేశాను.

ఈసారి చెయ్యి కదిలింది. ముందు చూపుడు వేలు, తర్వాత నాలుగు వేళ్ళూ. పెదాలు లెక్కపెడుతున్నాయి. "ఒకటి." వరస తిరిగింది. "రెండు." ఇక్కడే ఆపేస్తాడని యాభై ఏళ్ళుగా చెబుతున్న చోటు. ఆగలేదు. ఆర్గన్ అడుగు శబ్దం జాలీని అదరగొడుతూనే ఉంది. "మూడు." ఆగింది. డ్రమ్ము మాత్రం ఆయన అరచేతిలో కొట్టుకుంటూనే ఉంది. వేడి పెనం తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు.

తర్వాత చెయ్యి ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తూ అన్నాడు. "గటం దించనేదు అనుకున్నాను."

మా నాన్న మీద నాకు ఎన్నోసార్లు కోపం వచ్చింది, విసుగొచ్చింది. ఆ రోజు మాత్రం రెండూ రాలేదు. ఇరవై దాటిన కుర్రాడు, ఎదురుగా అత్తారు, చీకటి. భయపడ్డ చేతులు తమకి ముందు నుంచీ తెలిసిన పనే చేశాయి.

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, పండగలకి కట్టే లుంగీ కట్టుకున్నాడు. లత బస్సెక్కాం. దారి పొడుగునా ఒక్క మాట లేదు. మా నాన్న పక్కన కూర్చుని అంత నిశ్శబ్దం నేనెప్పుడూ అనుభవించలేదు. భయమేసింది కూడా.

దుకాణం నిండా ఎర్ర లాంతర్లు, బంగారు కాగితాల కట్టలు, చుట్టలు చుట్టిన రంగు గాజు కాగితాలు. గాజు బల్ల వెనక దళసరి కళ్ళద్దాల ముసలాయన కాగితం కత్తిరిస్తున్నాడు. తలెత్తి చూశాడు. కత్తెర కింద పెట్టాడు. నాన్న గుమ్మంలోనే నిలబడి, బర్మాలో కాదు, రేవు తెలుగులో, వీధి వీధంతా తిరిగి చూసేలా అన్నాడు.

"నాను నాలుగు కొట్టినాను. నువ్వు మూడూ కొట్టే ఆపినావు."

"తెల్సు," అన్నాడు ఆయన, అదే తెలుగులో.

అది నాన్నకి వినపడలేదు. పెదాలు చూసి అర్థం చేసుకున్నాడు. ముసలాయన బల్ల చుట్టూ తిరిగొచ్చి నాన్న మోచెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి బల్ల దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టాడు. నాకూ ఒకటి చూపించాడు. తర్వాత నా వైపు తిరిగి బర్మాలో చెప్పాడు.

"మీ అమ్మ, వాళ్ళ అమ్మానాన్నా మొదటి వరసలో ఉన్నారు. ఎవరో ఒకరు తప్పు మీదేసుకోవాలి. నాకు ఆ రోజు పెళ్ళిచూపులు లేవు కదా."

నేను అది నాన్న చెవిలో అరిచి చెప్పాను. అవతలి దుకాణంలో టీ తాగుతున్నవాళ్ళు కూడా విన్నారు. నాన్న మొహం ఎటో తిప్పుకున్నాడు. అటు చూస్తూనే అన్నాడు.

"మరి నాను తిట్టినప్పుడైనా సెప్పొచ్చు కదా."

"నీకు చెబితే మీ అత్తారు వినేవాళ్ళు. నీ గొంతు అప్పుడూ ఇంతే," అని నవ్వాడు ముసలాయన. నవ్వు ఆగిపోయాక మెల్లిగా, "పెళ్ళయ్యాక వస్తావనుకున్నాను. రాలేదు. తర్వాత నాకూ పౌరుషం వచ్చింది" అన్నాడు. ఇది కూడా చెవిలో చెప్పాను గానీ, అంత గట్టిగా చెప్పలేదు. నాన్న తల ఊపాడు. విన్నాడో లేదో తెలియదు.

టీ వచ్చింది. ఇద్దరూ తాగారు. మాట్లాడుకోవడానికి వీలు లేదు, ఒకరికి వినపడదు, ఒకరు అరవలేరు. పక్కన కూర్చుని నేనెంతసేపని అరుస్తాను. ముసలాయన కప్పు పక్కకి జరిపి, పది వేళ్ళూ గాజు బల్ల మీద పెట్టాడు. వేళ్ళు వంకర్లు పోయి ఉన్నాయి. మీటలేవీ లేని ఆ గాజు మీద వేళ్ళు కదలడం మొదలుపెట్టాయి. నాన్న వాటినే చూశాడు. ఎదురుగా ఉన్న కాగితాల కట్టని దగ్గరికి లాక్కుని దాని మీద డప్పు వరస మొదలుపెట్టాడు.

మొదటి చుట్టులో కొంచెం అటూ ఇటూ అయింది. రెండో చుట్టుకి కుదిరింది. బేరానికి వచ్చిన ఒకావిడ ఎర్ర కాగితం అడగబోయి ఊరుకుంది. మూడో చుట్టు అయింది. ముసలాయన వేళ్ళు పైకి లేచి ఆగాయి. నాన్న చెయ్యి ఆగలేదు. మొదటి దెబ్బ పడిపోయింది. అప్పుడు తెలిసి, ముందురోజు స్పీకరు మీద నుంచి లాక్కున్నట్టే చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. అంతలో ముసలాయన వేళ్ళు మళ్ళీ గాజు మీదకి దిగాయి. నాలుగో చుట్టు ఇద్దరూ కలిసి వాయించారు.